మఖ్దూం మొహియుద్దీన్ సాహెబ్ – కార్మికుని అర్జీకి బలమిచ్చిన షాయర్



మఖ్దూం మొహియుద్దీన్ పేరు వినని ఉర్దూ ఇల్లు మన తెలంగాణలో ఉండదు. ముషాయిరాలలో ఆయన గజళ్లు చదువుతారు, రేడియోలో విన్నాము, సినిమాలలో విన్నాము. మా బడిలో పిల్లలకు కూడా ఆయనను షాయర్ అనే చెప్తాము. అది నిజమే, కాని సగం నిజమే. ఆయన తన వయసులో మంచి భాగమంతా ఖర్చు పెట్టింది కవిత్వము మీద కాదు, కార్మికుల సంఘముల మీద. సిగరెట్ల ఫ్యాక్టరీలో, మిల్లులో, గనిలో పని చేసేవాని మీద యజమాని భేదము చూపితే వాడు ఎవరి దగ్గరికి పోవాలె, ఎట్లా అడగాలె, ఆ అడిగినందుకు నౌకరి పోకుండా ఎట్లా నిలబడాలె అన్నది ఆయన జీవితమంతా పట్టుకున్న ప్రశ్న.

మంచిర్యాల, బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూర్, నస్పూర్ ఇవన్నీ కష్టజీవుల ఊళ్లు. మన పిల్లలు బొగ్గుబావులలో కాంట్రాక్టు మీద పని చేస్తున్నారు, దుకాణాలలో, ప్రైవేటు ఆఫీసులలో, ఆసుపత్రులలో పని చేస్తున్నారు. పనిలో అన్యాయము జరిగితే ఎక్కడికి పోవాలని అడిగేవారు చాలామంది ఉన్నారు. అందువలన ఈ సంచికలో మఖ్దూం సాహెబ్ జీవితములోని ఆ రెండవ సగము చెప్పదలచినాము.

బాల్యము

మఖ్దూం సాహెబ్ 1908 ఫిబ్రవరి 4న మెదక్ జిల్లా అందోల్‌లో జన్మించినారు. అది అప్పుడు నిజాం రాజ్యము. తండ్రి గౌస్ మొహియుద్దీన్ సాహెబ్ పిల్లవాని చిన్నతనములోనే అల్లాహ్‌కు ప్రియమైనారు. పినతండ్రి బషీరుద్దీన్ సాహెబ్ ఇంట్లో పెరిగినారు. అది దీన్‌దారీ గల ఇల్లు. మసీదు ఊడ్చుట, వజూకు నీళ్లు తెచ్చిపోయుట పిల్లవాని పనులు. తండ్రి లేని పిల్లలకు పని విలువ, పరుల చేతి అన్నము విలువ తొందరగా తెలుస్తది. ఈ మాట అనుభవించినవారికి విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ పినతండ్రే ఒకరోజు రష్యా దేశపు సంగతి చెప్పినారట. అక్కడ రాజు పోయినాడని, ఉన్నవాడు, లేనివాడు ఒకే దస్తర్‌ఖ్వాన్ మీద కూర్చుని తింటున్నారని చెప్పినారట. పిల్లవాని మనసులో ఆ దస్తర్‌ఖ్వాన్ నాటుకుపోయింది. ఒకే వరుసలో నిలబడి నమాజు చదివే ఇంట్లో పెరిగిన పిల్లవానికి, ఒకే వరుసలో కూర్చుని తినే మాట కొత్తగా తోచి ఉండదని మా అభిప్రాయము. తరువాత ఆయన నడిచిన దారి మనలో చాలామంది దీన్‌దారులకు నచ్చలేదు. కాని ఆ దారి మొదలైనది మసీదు వాకిట్లోనే.

చదువు, నౌకరి

1929లో ఆయన హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయములో చేరినారు. 1918లో స్థాపించిన ఆ విశ్వవిద్యాలయములో సైన్సు, వైద్యము, చట్టము అన్నీ ఉర్దూలోనే చెప్పేవారు. ఉర్దూ మీడియం బడిలో పని చేసే మాబోటి వారికి ఆ సంగతి ఇప్పటికీ గర్వకారణము. ఆయన అక్కడ 1936లో ఎం.ఏ. పూర్తి చేసినారు. చదువుకునే కాలములో పస్తులున్న రోజులున్నవి. ట్యూషన్లు చెప్పినారు, పత్రికలకు వ్రాసినారు, దొరికిన చిన్న పనులన్నీ చేసినారు. నాటకాలు వ్రాసి ఆడినారు. నవ్వించే కవితలతో విద్యార్థులలో మంచి పేరు వచ్చింది.

ఎం.ఏ. చేతికి వచ్చినా నౌకరి వెంటనే చేతికి రాలేదు. ఆ కాలములో నౌకరికి డిగ్రీ ఒక్కటే సరిపోదు, సిఫారసు కావాలె, ఖాందాన్ కావాలె. తండ్రి లేని అందోల్ పిల్లవానికి అవి ఎక్కడివి? చివరికి 1939లో హైదరాబాదు సిటీ కాలేజీలో ఉర్దూ అధ్యాపకునిగా పని దొరికింది. సర్కారు నౌకరి, నెల జీతము, గౌరవము. మనలో ఎవరికైనా అంతకన్నా ఏమి కావాలె? ఆయన మాత్రము కొద్ది సంవత్సరములలోనే ఆ నౌకరి వదులుకున్నారు. పొట్టకూటికి అంత తిరిగిన మనిషి, దొరికిన జీతము తానే విడిచిపెట్టినాడంటే దాని వెనుక చిన్న కారణము ఉండదు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర

1939, 1940 ప్రాంతములో హైదరాబాదులో చదువుకున్న యువకులు కామ్రేడ్స్ అసోసియేషన్ అని పెట్టుకున్నారు. మఖ్దూం సాహెబ్ అందులో ముఖ్యులు. నిజాం రాజ్యములో కమ్యూనిస్టు పార్టీ మొదలుపెట్టినవారిలోనూ ఒకరు. ఆయన తిరిగింది ఎక్కువగా కార్మికుల బస్తీలలో. చార్మినార్ సిగరెట్ల ఫ్యాక్టరీ కార్మికులు, మిల్లు కార్మికులు, రైల్వేవారు అందరితోనూ కూర్చునేవారు. డాక్టర్ రాజ్ బహాదూర్ గౌడ్ గారు ఈ పనిలో ఆయనకు కుడిభుజము. ఒకరు కాయస్థ కుటుంబములో పుట్టిన డాక్టరు, ఒకరు మౌల్వీల ఇంట్లో పెరిగిన షాయరు. ఇద్దరూ కలిసి ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడితే కార్మికునికి మతము సంగతి గుర్తుండేది కాదు.

ఆ కాలపు కార్మికుని స్థితి కొంచెము చెప్పుకుంటే గాని ఆయన పని విలువ తెలియదు. ఒకే పని చేసిన ఇద్దరికి ఒకే కూలి ఉండేది కాదు. ఆడవారికి తక్కువ, కాంట్రాక్టరు మనిషికి ఒక లెక్క, ఇతరులకు ఒక లెక్క. హాజరు వేసేది, కొట్టివేసేది మేస్త్రీ ఇష్టము. మేస్త్రీకి నచ్చనివాడు రేపటి నుంచి రానక్కరలేదు. ఎందుకు రావద్దన్నావని అడిగే కాగితము లేదు, కచేరీ లేదు. ఇక సంఘములో పేరు వ్రాయించుకున్నవాడైతే అందరికన్నా ముందు గేటు బయట నిలబడేది వాడే.

బ్రిటిష్ ఇండియాలో కార్మిక సంఘముల చట్టము 1926లోనే వచ్చింది. నిజాం రాజ్యానికి ఆ చట్టము వర్తించదు. ఇక్కడ సంఘము పెట్టుటకు చట్టపు గుర్తింపు దొరకడానికి 1940ల దాకా ఆగవలసి వచ్చింది. అంటే మఖ్దూం సాహెబ్ పని మొదలుపెట్టినప్పుడు కార్మికునికి యజమాని దయ ఒక్కటే దిక్కు. దయ అనేది ఒకరికి దొరుకుతది, ఒకరికి దొరకదు. భేదభావము పుట్టేది సరిగ్గా అక్కడనే.

ఆయన కనిపెట్టిన మందు ఒక్కటే. ఒక్కని అర్జీని పది మంది అర్జీ చేయుట. ఒకని కూలి కోసినా, ఒకామెను పనిలోంచి తీసినా అది ఆ ఒక్కరి గొడవ కాదు, ఖాతా మొత్తము గొడవ అని నేర్పించినారు. ఇది వినడానికి చిన్న మాటగా ఉన్నది. కాని తరువాత వచ్చిన కార్మిక న్యాయమంతా చాలా సంవత్సరములు ఈ మాట మీదనే నిలబడ్డది. ఆ సంగతి ముందు చెప్తాము.

1946లో ఆల్ హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ ఏర్పడినప్పుడు దానికి అధ్యక్షులు మఖ్దూం సాహెబ్. మన బొగ్గుబావుల కార్మిక ఉద్యమము కూడా ఆ కాలములోనే, ఆ గాలిలోనే పెరిగింది. సింగరేణి కంపెనీ 1920లో రిజిస్టరు అయినది, బెల్లంపల్లి వైపు తవ్వకాలు 1920ల చివర మొదలైనవి, 1945లో నిజాం సర్కారు కంపెనీలో పెద్ద వాటా కొన్నది. కాబట్టి బావి కార్మికుడు అడగవలసింది ఇక సర్కారునే. సర్కారే యజమాని అయినప్పుడు న్యాయము ఎవరిని అడగాలె అన్న ప్రశ్న కొత్తగా వచ్చింది.

సొంతవారి కోపము

ఇక్కడ ఒక చేదు సంగతి దాచకుండా చెప్పవలె. 1946 నుండి 1948 దాకా హైదరాబాదులో మతము పేరు మీద గాలి వేడెక్కింది. రజాకార్ల జోరు పెరిగింది. ముసల్మాను అయితే నిజాం వైపే ఉండాలె అన్న మాట బలముగా వినవచ్చేది. మఖ్దూం సాహెబ్ ఆ మాట ఒప్పుకోలేదు. రాజు ముసల్మాను అయినంత మాత్రాన కూలివానికి పొట్ట నిండుతదా అన్నదే ఆయన ఆలోచన. చార్మినార్ సిగరెట్ల ఫ్యాక్టరీలో రామయ్య కూలి కోసినా, రహీం కూలి కోసినా కోసిన చెయ్యి ఒక్కటే అని ఆయనకు తెలుసు. ఇందుకోసము మన వాళ్లలో చాలామంది ఆయనను ద్రోహి అన్నారు. సర్కారు వారంటు తీసింది. 1946 చివర ఆయన అజ్ఞాతములోకి పోయినారు.

1947 సెప్టెంబరు 11న నిజాం పాలన మీద సాయుధ పోరాటమునకు పిలుపు ఇచ్చిన ముగ్గురిలో ఆయన ఒకరు. తక్కిన ఇద్దరు రావి నారాయణరెడ్డి గారు, మన కరీంనగరు వారైన బద్దం ఎల్లారెడ్డి గారు. ఆ పోరాటములోని మంచిచెడ్డలు ఇక్కడ విచారించము. దాని మీద పెద్ద పెద్ద పుస్తకాలున్నవి.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. హైదరాబాదు రాజ్యము ఇండియన్ యూనియన్‌లో కలిసింది. తరువాత మన వాళ్ల ఇళ్లలో ఏమి జరిగిందో ముసలివారు చెప్పగా విన్నాము. నిజాం ఫౌజు రద్దయింది. 1949లో జాగీర్లు రద్దయినవి. ఫౌజులో, జాగీరు కచేరీలలో, పోలీసులో ఉన్న వేలమంది నౌకరీలు పోయినవి. ఉర్దూలో నడిచిన దఫ్తర్లు మెల్లమెల్లగా వేరే భాషలకు మారినవి, ఉస్మానియాలో కూడా ఉర్దూ స్థానములో ఇంగ్లీషు వచ్చింది. ఉర్దూ ఒక్కటే తెలిసిన గుమాస్తా రాత్రికి రాత్రి చదువురానివాడు అయిపోయినాడు. అందులో కొంత రాజ్యము మారినందువలన తప్పనిది, కొంత అనుమానముతో చేసినది. ఏది తప్పనిదో ఏది అనుమానముతో చేసినదో తేల్చి చెప్పే జాగా ఆ కుటుంబములకు దొరకలేదు. నౌకరి పోయినవారు ఒక్కొక్కరుగా ఇంట్లో కూర్చున్నారు, ఒక్కొక్కరుగా ఊరు విడిచినారు. ఒక్కని అర్జీ పదిమంది అర్జీ కాకపోతే ఏమైతదో చెప్పడానికి మనకు వేరే ఉదాహరణ అక్కరలేదు.

ఆ రోజులలో మఖ్దూం సాహెబ్ కొత్త సర్కారుకు కూడా దొరకకుండా తిరుగుతున్నారు. 1951లో పట్టుబడి జైలుకు పోయినారు. ఆ సంవత్సరము అక్టోబరులో పార్టీ సాయుధ పోరాటము విరమించింది. ఆయన విడుదలై బయటికి వచ్చేసరికి దేశములో రాజ్యాంగము అమలులో ఉన్నది, ఎన్నికలు వచ్చినవి.

చట్టసభలో

1952 ఎన్నికలలో ఆయన హైదరాబాదు పాతబస్తీలో నిలబడి ఓడిపోయినారు. పాతబస్తీ ఆయనకు ఓటు వేయలేదు. అదే సంవత్సరము హుజూర్‌నగర్ స్థానము నుండి ఉప ఎన్నికలో గెలిచి హైదరాబాదు శాసనసభకు వచ్చినారు. నల్లగొండ జిల్లా రైతులు, కూలీలు, అందులో ఉర్దూ చదవరానివారే ఎక్కువ, ఈ ఉర్దూ షాయరును గెలిపించినారు. 1950ల మధ్యలో కొంతకాలము ప్రపంచ కార్మిక సంఘముల సమాఖ్య పని మీద వియన్నా నగరములో ఉన్నారు. తరువాత ఆంధ్రప్రదేశ్ శాసన మండలి సభ్యులైనారు. చనిపోయే దాకా ఆ సభ్యత్వము ఉన్నది.

ఈ కాలములోనే కార్మికుని చట్టము మన దగ్గర వేళ్లూనింది. పారిశ్రామిక వివాదముల చట్టము 1947లో వచ్చింది. విలీనము తరువాత అది మన ప్రాంతానికి కూడా వర్తించింది. అంతకు ముందు నౌకరి పోయినవాడు సివిలు కోర్టుకు పోతే, గెలిచినా కొంత నష్టపరిహారమే, నౌకరి తిరిగి రాదు. పారిశ్రామిక ట్రిబ్యునల్ మాత్రము పోయిన పనిలో మళ్లీ పెట్టమని హుకుం ఇవ్వగలదు. ఇట్లా ఇవ్వవచ్చునని 1949లో ఫెడరల్ కోర్టు తేల్చింది. అదొక పెద్ద మార్పు.

అయితే ఆ తలుపుకు ఒక తాళమున్నది. ఒక్క కార్మికుని డిస్మిస్ చేస్తే అది పారిశ్రామిక వివాదము కాదు. సంఘము గాని, తోటి కార్మికులలో చెప్పుకోదగ్గంత మంది గాని ఆ గొడవను తమదిగా ఎత్తుకుంటేనే ట్రిబ్యునల్ వింటది. 1957లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అంటే సంఘము లేని ఫ్యాక్టరీలో ఒక్కడుగా ఉన్నవానికి, తోటివారికి నచ్చనివానికి, కులము వలననో మతము వలననో వేరుగా పడినవానికి చట్టము ఉన్నా లేనట్టే. మఖ్దూం సాహెబ్ వంటివారు ఇంటింటికి తిరిగి సంఘాలు కట్టింది ఎందుకో ఇప్పుడు అర్థమైతది. ఆ రోజులలో కార్మికునికి సంఘమే వకీలు, సంఘమే కోర్టు తలుపు.

1958లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఉద్యోగములో భేదభావము కూడదని 111వ నంబరు ఒడంబడిక చేసింది. జాతి, రంగు, ఆడ మగ, మతము, రాజకీయ అభిప్రాయము, పుట్టిన వర్గము వీటిని చూసి నౌకరిలో తేడా చేయరాదని అందులో ఉన్నది. భారతదేశము 1960లో దానిని ఒప్పుకుని సంతకము పెట్టింది.

1965లో పారిశ్రామిక వివాదముల చట్టములో 2-ఏ అనే సెక్షను చేర్చినారు. అప్పటి నుండి ఒక్క కార్మికుని పనిలోంచి తీసినా, సంఘము ఎత్తుకున్నా ఎత్తుకోకున్నా, అది పారిశ్రామిక వివాదమే. ఈ సెక్షను మఖ్దూం సాహెబ్ తెచ్చినారని మేము చెప్పము. అది ఢిల్లీలో పార్లమెంటు చేసిన పని. కాని ఇరవై ఏండ్లు దేశమంతా ఆయన వంటివారు ఒక్కొక్కని అర్జీని ఎత్తుకుని ఎత్తుకుని మోయకపోతే, ఒక్కని గొడవ కూడా గొడవేనని చట్టానికి తోచేది కాదు.

షాయరు, మరణము

షాయరీ సంగతి క్లుప్తముగా చెప్తాము, ఎందుకంటే అది అందరికీ తెలిసినదే. 1944లో సుర్ఖ్ సవేరా, 1961లో గుల్-ఎ-తర్, 1966లో బిసాత్-ఎ-రక్స్ అచ్చయినవి. చివరి పుస్తకానికి 1969లో సాహిత్య అకాడెమీ బహుమానము వచ్చింది. ఆయన ప్రేమ కవితలో కూడా కష్టము చేసే మనిషి ఎక్కడో ఒకచోట కనబడతాడు. యుద్ధానికి పోయే సిపాయి, పొలములో పని చేసే తెలంగాణ ఆడపడుచు ఆయన కవిత్వములోకి గౌరవముతో వచ్చినారు. అప్పటి దాకా ఉర్దూ షాయరీలో వారికి అంత మంచి కుర్చీ వేసినవారు మన దక్కనులో తక్కువ.

1969 ఆగస్టు 25న ఢిల్లీలో గుండె ఆగి మరణించినారు. వయసు 61. హైదరాబాదులో హజ్రత్ షా ఖామోష్ దర్గా ఖబ్రస్తాన్‌లో మట్టి ఇచ్చినారు. హిమాయత్‌నగర్‌లో కమ్యూనిస్టు పార్టీ కార్యాలయానికి మఖ్దూం భవన్ అని పేరు పెట్టినారు.

తరువాత తెరుచుకున్న తలుపులు

ఆయన పోయిన తరువాత చట్టము ఆగిపోలేదు. ఒక్కొక్క తలుపు తెరుచుకుంటూ వచ్చింది. ఇవి తెలుసుకోకపోతే మఖ్దూం సాహెబ్ వంటివారి కష్టము మనకు అక్కరకు రానట్టే.

1971లో 11-ఏ సెక్షను వచ్చింది. చిన్న తప్పుకు పెద్ద శిక్ష వేస్తే, నౌకరి తీసేస్తే, ఆ శిక్ష తగ్గించే అధికారము లేబర్ కోర్టుకు వచ్చింది. ఒకే తప్పుకు ఒకనికి హెచ్చరిక, ఇంకొకనికి డిస్మిస్ అన్న చోట ఈ సెక్షను ఎంత అక్కరకు వస్తదో వేరే చెప్పనక్కరలేదు. 1976 సమాన వేతన చట్టము ఆడవారికి, మగవారికి ఒకే పనికి ఒకే కూలి ఇవ్వాలన్నది. 1984లో అన్యాయపు కార్మిక పద్ధతులు అని ఒక జాబితా చట్టములో చేరింది. సంఘములో చేరినందుకు వేధించుట, అర్హత చూడకుండా కొందరినే పక్షపాతముతో దగ్గరికి తీయుట అందులో ఉన్నవి.

మన రాష్ట్రము గురించి ఒక మాట గర్వముగా చెప్పవచ్చు. 2-ఏ సెక్షను వచ్చినా, సర్కారు రెఫరెన్సు ఇస్తేనే కేసు లేబర్ కోర్టుకు పోయేది. ఆ రెఫరెన్సు కోసము ఏండ్లు తిరిగినవారున్నారు. 1987లో ఆంధ్రప్రదేశ్ సవరణ చేసి, పని పోయిన కార్మికుడు నేరుగా లేబర్ కోర్టుకు పోవచ్చునన్నది. ఢిల్లీవారు ఇదే పని దేశమంతటికీ చేసింది 2010లో. మన కార్మికుల కోసము గోదావరిఖనిలో లేబర్ కోర్టు కూడా ఏర్పడింది.

దళితులను, ఆదివాసులను అవమానించుట, వేధించుట మీద 1989 చట్టమున్నది. పనిచోట ఆడవారి మీద లైంగిక వేధింపుల గురించి 2013 చట్టమున్నది. పదిమందికి తక్కువ పనివారు ఉన్న చోటైతే జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు ఇవ్వవచ్చు. వికలాంగుల హక్కుల చట్టము 2016లో వచ్చింది. అదే సంవత్సరము సుప్రీంకోర్టు, సర్కారు కొలువులలో పర్మినెంటువారు చేసే పనినే చేసే తాత్కాలిక ఉద్యోగికి కూడా సమాన జీతము సూత్రము వర్తిస్తుందని చెప్పింది. 2019లో ఆడవారు వ్రాతపూర్వకముగా ఒప్పుకుంటే భూగర్భ గనిలో కూడా పని చేయవచ్చునని కేంద్రము అనుమతించింది.

పాత కార్మిక చట్టములలో ఇరవై తొమ్మిదింటిని కలిపి నాలుగు కోడ్‌లు చేసినారు. 2025 నవంబరు 21 నుండి అవి అమలులోకి వచ్చినవి. 1947 చట్టము స్థానములో 2020 పారిశ్రామిక సంబంధముల కోడ్, 1976 సమాన వేతన చట్టము స్థానములో 2019 వేతనముల కోడ్ వచ్చినవి. ఒక్క కార్మికుని డిస్మిస్ చేస్తే అది వివాదమే అన్న మాట కొత్త కోడ్‌లో కూడా నిలిచి ఉన్నది. కాని గడువు తగ్గింది. వివాదము పుట్టిన రెండు సంవత్సరములలోపు రాజీ అధికారి దగ్గరికి రాకపోతే ఆయన వినరు. అంతకు ముందు నౌకరి పోయినవానికి మూడు సంవత్సరములుండేవి. చూద్దాములే, సారు మళ్లీ పిలుస్తాడులే అని కూర్చున్నవానికి ఇక హక్కు మిగలదు. బొగ్గుగనుల వివాదములు కేంద్ర కార్మిక శాఖ చూస్తది, దుకాణాలు, చిన్న ఫ్యాక్టరీలవి రాష్ట్ర కార్మిక శాఖ చూస్తది. తప్పు ఆఫీసుకు పోయి ఆరు నెలలు పోగొట్టుకున్నవారు మన ఊళ్లలో ఉన్నారు.

ఇంకా కట్టని తలుపు

ఇన్ని తలుపులు చెప్పినాము. మన సమాజానికి ఎక్కువ కావలసిన తలుపు ఒకటి ఇంకా కట్టలేదు. అది దాచిపెట్టి లాభము లేదు.

సర్కారు కొలువులో, సింగరేణి వంటి సర్కారు కంపెనీలో మతము చూసి భేదము చేయరాదని రాజ్యాంగము 16వ అధికరణములో స్పష్టముగా ఉన్నది. అక్కడ అన్యాయము జరిగితే హైకోర్టులో రిట్ వేయవచ్చు. ప్రైవేటు యజమాని సంగతి వేరు. అర్హత ఉన్న పిల్లవాడు ఇంటర్వ్యూకు పోయి, పేరు చెప్పగానే ఖాళీ లేదని జవాబు వింటే, దాని మీద నేరుగా ఫలానా చట్టము కింద ఫలానా కోర్టులో అడుగుతానని చెప్పడానికి ప్రత్యేకమైన చట్టము లేదు. మా దగ్గర చదువుకున్న పిల్లలు కొందరు ఇటువంటి అనుభవము చెప్పినారు. జవాబు చెప్పలేక ఊరుకున్నాము. పని దొరికిన తరువాత తీసేస్తే పారిశ్రామిక చట్టమున్నది. పనిలోకే రానివ్వకపోతే ఆ చట్టము దాకా పోలేము.

2006లో సచార్ కమిటీ ఈ లోటు చూసి, సమాన అవకాశముల కమిషన్ ఒకటి పెట్టాలని సిఫారసు చేసింది. ఎట్లా పెట్టాలో ఆలోచించుటకు ప్రొఫెసర్ మాధవ మీనన్ గారి అధ్యక్షతన నిపుణుల బృందము కూర్చుని 2008లో నివేదిక ఇచ్చింది. చట్టము మాత్రము రాలేదు. 1960లో దేశము పెట్టిన ఆ 111వ నంబరు సంతకములో మతము అన్న మాట కూడా ఉన్నది. ఆ సంతకము నెరవేర్చమని అడుగుట ఒక్క ముసల్మానుల పని కాదు. కులము పేరు విని అద్దె ఇల్లు, నౌకరి దొరకనివారు, పెళ్లయిందని పనిలోకి తీసుకోని ఆడపిల్లలు అందరూ ఆ తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు. మఖ్దూం సాహెబ్ ఉంటే వీరందరినీ ఒకే అర్జీ మీద సంతకము పెట్టించేవారు. మన అర్జీ మనమే, మీ అర్జీ మీరే అంటే, 1948 తరువాత మన ఇళ్లలో ఏమైందో అదే అవుతది.

మన సంఘము చేయగలిగినది

ఆయన జీవితము చదివి వాహ్ వాహ్ అని పక్కన పెట్టుటకు ఇది వ్రాయలేదు. మనకు తెలిసిన నాలుగు మాటలు చెప్పి ముగిస్తాము.

పనిలో చేరిన రోజు నుండి ప్రతి కాగితము దాచుకొనవలెను. నియామక పత్రము, జీతపు చీటీ, హాజరు, ప్రావిడెంటు ఫండు నంబరు, చార్జిషీటు, దానికి ఇచ్చిన జవాబు అన్నీ. కాంట్రాక్టరు కాగితము ఇవ్వనంటే బ్యాంకు పాసుబుక్కులో పడిన జీతము కూడా సాక్ష్యమే. చార్జిషీటు వస్తే కోపముతో చించివేయరాదు, భయముతో తెల్ల కాగితము మీద సంతకము పెట్టరాదు. నోటి మాటతో పని మానిపించితే వెంటనే వ్రాతమూలకముగా రిజిస్టర్డ్ పోస్టులో అడగవలెను. సంఘము ఉన్న చోట సంఘములో చేరవలెను. సంఘములో మన వాళ్లు లేరు కదా అని దూరముండుట తప్పు.

వకీలుకు డబ్బు లేదని ఆగవద్దు. 1987 న్యాయసేవల అధికార సంస్థల చట్టము ప్రకారము ఆడవారికి, దళిత, ఆదివాసులకు, వికలాంగులకు, పరిశ్రమ కార్మికునికి ఉచితముగా వకీలును ఇచ్చే ఏర్పాటు ఉన్నది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఒక అర్జీ ఇస్తే చాలు. ఈ సంగతి తెలియక నగలు కుదువ పెట్టినవారున్నారు.

మన సంఘములో చదువుకున్నవారు, రిటైరైన గుమాస్తాలు, టీచర్లు ఉన్నారు. జుమా తరువాత ఒక గంట కూర్చుని వచ్చినవారి అర్జీ తెలుగులో వ్రాసిపెట్టవచ్చు. ఆ అర్జీ తెచ్చినవాడు మన వాడా, పొరుగువాడా అని చూడకూడదు. ఉర్దూ ఒక్కటే వచ్చిన మన పెద్దలు కచేరీ కాగితము చదువుకోలేక సంతకము పెట్టే రోజులు పోవాలె. మా ఉర్దూ మీడియం పిల్లలకు కూడా ఉర్దూతోపాటు మంచి తెలుగు, ఇంగ్లీషు రావలెనని మేము పదే పదే చెప్పేది ఇందుకే. ఉర్దూ మన గుండె భాష, ట్రిబ్యునల్‌లో నడిచే భాష వేరు. రెండూ కావలె.

అల్లాహ్ మఖ్దూం సాహెబ్‌కు మగ్ఫిరత్ ప్రసాదించుగాక. కష్టము చేసే ప్రతివానికి వాని హక్కు చెమట ఆరకముందే అందే రోజు చూపించుగాక. మన పిల్లలకు అడిగే ధైర్యము, అడిగేవాని పక్కన నిలబడే మనసు ఇచ్చుగాక. ఆమీన్.